ఇల్‌ఖానుల గద్దె: వారసులు కరువైన వంశం

చెంగిజ్‌ఖాన్ మనుమడు హులాగు 1256లో అలమూత్ కోటను, 1258లో బాగ్దాదును జయించి పర్షియాలో నెలకొల్పిన మంగోలు రాజ్యానికి, పెద్ద ఖానుకు లోబడిన ఖాను అనే అర్థంలో పాలకులు ధరించిన ఇల్‌ఖాన్ బిరుదును బట్టి, ఇల్‌ఖానుల రాజ్యమని పేరు వచ్చింది. దాదాపు ఎనభై ఏళ్లు నిలిచిన ఈ రాజ్యంలో తండ్రి తరువాత పెద్దకొడుకే రాజనే నియమం స్థిరపడలేదు. గద్దె హులాగు సంతతిదే అయినా, వారిలో ఎవరిదో తేల్చే పని రాజకుమారులు, ఖాతూన్లనే రాణులు, అమీర్లనే సేనానాయకులు కూడే కురుల్తాయ్ సభది. పేరుకు అది ఎన్నికే గాని, ఫలితం చాలాసార్లు సభకు ముందే యుద్ధభూమిలో తేలిపోయేది.

1265లో హులాగు మరణించగా గద్దెకెక్కిన కొడుకు అబాఖా, చైనా నుంచి పెదతండ్రి కుబ్లైఖాన్ ఫర్మానా 1270లో అందేదాకా సింహాసనాన్ని ఖాళీగా ఉంచి, కుర్చీలో కూర్చునే కొలువు తీర్చాడని ఆస్థాన చరిత్రకారుడు రషీదుద్దీన్ రాశాడు. ఆ అయిదేళ్లూ రాజ్యాన్ని శాసించింది అబాఖాయే కాబట్టి, ఇందులో వినయం కన్నా లాంఛనం పాలే ఎక్కువ.

అసలు చిక్కు 1282లో అబాఖా మరణంతో బయటపడింది. వంశంలో వయసున్నవాడికే పెద్దరికమనే గడ్డిమైదానపు ఆచారం తమ్ముడు తెకూదర్‌కు అనుకూలించగా, తండ్రి ఆస్తి కొడుకుదేనని అబాఖా కుమారుడు అర్ఘున్ తిరగబడ్డాడు. ఇస్లాం స్వీకరించి అహ్మదు అనే పేరు పెట్టుకున్న తెకూదర్ 1284లో అర్ఘున్‌ను బంధించాడు గాని, బుఖా అనే అమీరు రాత్రికి రాత్రి బందీని విడిపించడంతో పాచిక తిరగబడింది. రాజరక్తం నేలపై చిందరాదన్న మంగోలు నమ్మకం ప్రకారం తెకూదర్‌ను వెన్ను విరిచి చంపారు. గద్దె ఇప్పించిన బుఖాకూ 1289లో అర్ఘున్ చేతనే మరణశిక్ష పడింది.

1291లో అర్ఘున్ తరువాత వచ్చిన తమ్ముడు గైఖాతు దుబారాతో ఖజానా ఖాళీ చేసి, 1294లో చైనా పద్ధతిలో చావ్ అనే కాగితపు డబ్బును తబ్రీజు బజారులోకి దించగా, వర్తకులు దుకాణాలు మూసేశారు. మరుసటి ఏడు అమీర్లు ఆయనను చంపి హులాగు వంశీకుడైన బైదును నిలబెట్టారు. కొన్ని నెలలకే అర్ఘున్ కొడుకు ఘాజాన్, నౌరూజ్ అనే అమీరు సలహాపై ఇస్లాం స్వీకరించి, బైదును తొలగించి రాజయ్యాడు. అర్ఘున్ కోసం కుబ్లై పంపిన వధువు కోకాచిన్ వచ్చేసరికి వరుడు లేకపోవడంతో ఆమె ఘాజాన్ భార్య అయింది. 

ఘాజాన్ సమర్థుడైన పాలకుడే, అయినా పోటీకి రాగల రాజకుమారులను పలువురిని చంపించాడు. 1304లో వచ్చిన తమ్ముడు ఓల్జైతు కూడా, వారసుడిగా ముందే ఖరారైనవాడైనా, గైఖాతు కొడుకు అలాఫ్రాంగ్‌ను తుదముట్టించాకే గద్దెనెక్కాడు. 1316లో ఓల్జైతు మరణించగా బాలుడైన కొడుకు అబూ సయీద్‌కు రాజ్యం పెద్దగా పోటీ లేకుండా దక్కింది. పోటీపడేవారు అప్పటికే కరువయ్యారు.

1335 నవంబరులో అబూ సయీద్ కొడుకులు లేకుండా మరణించేనాటికి రాణి దిల్షాద్ ఖాతూన్ గర్భవతి. ప్రసవం దాకా ఆగకుండా అమీర్లు హులాగు సోదరుడు అరిఖ్ బుఖా వంశీకుడైన అర్పాఖాన్‌ను రాజును చేశారు. కొద్ది నెలలకే అతడూ హతుడయ్యాడు, దిల్షాద్‌కు ఆడపిల్ల పుట్టింది. ఆపైన బొమ్మ ఖానులను నిలబెట్టే ఆటలో అమీరు హసన్ కూచక్, ఓల్జైతు కూతురు సాతీబేగ్‌నే పాలకురాలిగా ప్రకటించి, ఏడాదిలోపే దించి, సులేమాన్ అనే కొత్త ఖానుకిచ్చి పెళ్లి చేశాడు.