బొమ్మకీ బొమ్మకీ నడుమ

"కొత్త టీవీ కొన్నాం. అందులో ఏ సినిమా పెట్టినా సీరియల్ చూస్తున్నట్టే ఉంది. టీవీలో లోపమా, మా కళ్లలో లోపమా?" అని ఒక పాఠకుడు రాశారు. లోపం రెండింట్లోనూ లేదండీ. నిజానికి రెండు వాక్యాల్లో తేలిపోయే ప్రశ్న ఇది. కానీ గత నెల మా బావమరిది ఇంట్లో ఇదే అనుభవం నాకూ అయింది. అప్పట్నుంచీ ఎవరైనా ఈ మాట ఎత్తకపోతారా అని కాచుకుని ఉన్నాను. అందుకని మీరూ కాస్త ఓపిక పట్టాలి.

వాడి గోడంత టీవీలో 'కల్కి 2898 ఏడీ' పెట్టాడు. సైన్స్ ఫిక్షన్ అంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి. ఆ బండ్లూ, ఆ కోటా మళ్లీ చూద్దామని ముందువరసలో కూర్చున్నాను. పది నిమిషాలు గడిచేసరికి వాడే అన్నాడు, "ఏంటి బావా, థియేటర్లో చూసినప్పుడు అంత గొప్పగా ఉంది, ఇక్కడేమో స్టూడియోలో నిలబడి షూటింగ్ చూస్తున్నట్టుంది!" అంతకంటే కచ్చితంగా ఏ శాస్త్రవేత్తా చెప్పలేడు. బొమ్మ మసకగా లేదు, రంగులు పోలేదు. మరీ నున్నగా కదులుతోంది, అంతే.

ముందు లెక్క చెప్పేస్తాను. సినిమా అంటే సెకనుకు 24 నిశ్చల చిత్రాలు. మూకీల కాలంలో ఈ సంఖ్యకి స్థిరత్వం లేదు. కెమెరా పిడి తిప్పేవాడి చెయ్యి ఎంత వేగమైతే అంత. 1920ల చివర మాటలు వచ్చాక ఫిల్ము వేగం మారితే గొంతులు మారిపోతాయి కాబట్టి నిమిషానికి 90 అడుగుల ఫిల్ము అని స్థిరపడింది. అడుగుకి 16 బొమ్మలు. గుణించి అరవైతో భాగించండి, 24 వస్తుంది. ఫిల్ము ఖర్చుకీ, ధ్వని నాణ్యతకీ మధ్య కుదిరిన బేరం అది. కంటి శాస్త్రంతో దానికి పెద్ద చుట్టరికం లేదు. 'మనిషి కన్ను సెకనుకు 24 కంటే ఎక్కువ చూడలేదు' అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. అదే నిజమైతే సినిమాకీ సీరియల్‌కీ తేడా మా బావమరిదికి తెలిసేదే కాదు.

టీవీ సంగతి వేరు. మన దేశం వాడిన పాల్ పద్ధతిలో వీడియో కెమెరా సెకనుకు 50 వేర్వేరు క్షణాల్ని పట్టుకునేది, ఒక్కోసారి సగం గీతల చొప్పున. వార్తలూ, క్రికెట్టూ, వీడియో కెమెరాతో తీసిన సీరియళ్లూ అన్నీ ఆ యాభై మీదే. సినిమాని మాత్రం 25కి సరిపెట్టి కాస్త వేగంగా నడిపేవారు. అంటే రెండున్నర గంటల సినిమా ఆరు నిమిషాలు ముందే అయిపోయేది, పాటల శ్రుతి వీసమెత్తు పైకి జరిగేది. ఎవరూ పట్టించుకోలేదు. మొత్తానికి, దశాబ్దాల తరబడి మన బుర్రకి ఒక పాఠం పడిపోయింది: నున్నగా కదిలితే టీవీ, కొంచెం తుళ్లుతూ కదిలితే సినిమా.

ఇక నాకు ఇష్టమైన చోటికి వచ్చేశాం. ఆ 24 నిశ్చల చిత్రాలు కదిలినట్టు ఎందుకు కనిపిస్తాయి?

బడిలో ఏం చెప్పారో గుర్తుందా? రెటీనా మీద బొమ్మ 1/16 సెకను నిలిచిపోతుంది, ఆలోగా ఇంకో బొమ్మ వస్తే రెండూ కలిసిపోతాయి, అదే దృష్టి నిలకడ, అందుకే సినిమా. నేనూ రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇది తప్పు. వేగంగా ఆరి వెలిగే దీపం ఆరనట్టు కనిపించడానికి ఆ నిలకడ కొంత పనికొస్తుంది, ఒప్పుకుంటాను. ప్రొజెక్టర్లో తిరిగే రెక్క ఒక్కో బొమ్మని రెండేసిసార్లు చూపి సెకనుకు 48 మెరుపులు చేసేది అందుకే. కానీ కదలిక సంగతి? పాత బొమ్మ చెరగకుండా కొత్తది దానిమీద పడితే మనకి కనబడాల్సింది నడిచే మనిషి కాదు, అలుక్కుపోయిన పది కాళ్ల మనిషి.

ఈ తప్పుకి తరచుగా పీటర్ మార్క్ రోజెట్‌ని బాధ్యుణ్ని చేస్తారు. ఇంగ్లీషు పర్యాయపదాల 'థెసారస్' కూర్చిన వైద్యుడు ఆయనే. 1824లో లండన్ రాయల్ సొసైటీకి ఆయన ఒక పత్రం సమర్పించాడు. అందులో ఆయన గోల సినిమా గురించి కాదు, సినిమా అప్పటికి పుట్టనే లేదు. నిలువు చువ్వల సందుల్లోంచి దొర్లే బండిచక్రాన్ని చూస్తే దాని ఆకులు వంకరగా, కదలకుండా ఉన్నట్టు కనిపిస్తాయి. అది ఎందుకని ఆయన అడిగాడు. అంటే, కదిలేది కదలనట్టు కనబడడం గురించి రాసిన పత్రాన్ని కదలనిది కదిలినట్టు కనబడడానికి ఆధారంగా వాడుకున్నారు తర్వాతివాళ్లు! ఒకరిని చూసి ఒకరు. ఈ బండిచక్రాన్ని ఓ పక్కన పెట్టుకోండి, మళ్లీ దొర్లుకుంటూ వస్తుంది.

అసలు కిటుకు 1912లో మాక్స్ వెర్థైమర్ పత్రంతో బయటపడింది. ఆయన రైల్లో వెళుతూ ఏదో తట్టి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిపోయి బొమ్మల కొట్లో ఓ తిరుగుడు బొమ్మ కొనుక్కున్నాడని మనస్తత్వశాస్త్రం వాళ్లు కథగా చెప్పుకుంటారు. ప్రయోగం మాత్రం చాలా సాదా. ఇక్కడో గీత చూపి, ఆర్పి, అక్కడ ఇంకో గీత చూపాలి. నడుమ విరామం అయిదో వంతు సెకను ఉంటే రెండు గీతలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. మరీ తగ్గించి 30 మిల్లీసెకన్లు చేస్తే రెండూ ఒకేసారి వెలిగినట్టుంటాయి. సుమారు 60 దగ్గర ఉంచితే, ఒకే గీత ఇక్కణ్నుంచి అక్కడికి జరిగి వెళ్లినట్టు కనిపిస్తుంది! మధ్యలో గీత ఎప్పుడూ లేదు. కంట్లోకి ఎప్పుడూ రాలేదు. చూసినవాడు మాత్రం ప్రమాణం చేసి చెప్తాడు, జరిగిందని.

అంటే కదలిక తెరమీద లేదు, రెటీనా మీదా లేదు. ఇప్పుడున్నదీ అప్పుడున్నదీ ఒకటేనని జతకలిపే పని మెదడు చేస్తోంది. ఆ పనికి మెదడు వెనకభాగంలో ప్రత్యేకమైన పేటే ఉంది, ఎంటీ అంటారు. 1983లో జర్మనీ పరిశోధకులు ఒక స్త్రీ గురించి రాశారు. మెదడులో ఆ ప్రాంతం దెబ్బతినడంతో ఆమెకి రంగులు కనిపిస్తాయి, మనుషులు కనిపిస్తారు, కదలిక మాత్రం కనిపించదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు నిలబడి ఉంటుంది, ఎప్పుడు ఆపాలో తెలియదు. రోడ్డు మీద దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి పక్కనే ఉంటుంది. సైన్స్ ఫిక్షన్ రచయితలు పరగ్రహవాసులకి కొమ్ములూ తోకలూ పెట్టడం మానేసి ఇలాంటివి ఆలోచించకూడదా అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు మీ టీవీ సరిగ్గా ఏం చేస్తోందో చూడండి. వెర్థైమర్ గీతల నడుమ మన మెదడు ఊహించుకున్నదాన్ని అది నిజంగానే గీసి తెరమీద పెడుతోంది. మొదటి బొమ్మని చిన్న చిన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడినీ తీసుకుని, తర్వాతి బొమ్మలో ఇలాంటి ముక్క చుట్టుపక్కల ఎక్కడుందా అని వెతుకుతుంది. దొరికితే, ఇది ఇన్ని చుక్కలు కుడికి జరిగింది అని ఓ బాణం గుర్తు వేసుకుంటుంది. బాణాలన్నీ తయారయ్యాక వాటి వెంట సగం దూరం, పావు వంతు దూరం గళ్లని జరిపి నడిమి బొమ్మలు అల్లేస్తుంది. సెకనుకు 120 సార్లు తెర మార్చే టీవీలో దీన్ని పూర్తిగా పెడితే, మీరు చూసే ప్రతి అయిదు బొమ్మల్లో ఒక్కటే దర్శకుడు తీసింది. మిగిలిన నాలుగూ టీవీలోని చిప్పు కల్పనే. టీవీకి రాబోయే బొమ్మ ముందే తెలిస్తే తప్ప నడిమి బొమ్మ గీయలేదు కనక అది ఎప్పుడూ కొద్దిగా వెనకబడే ఉంటుంది. వీడియో గేములు ఆడే పిల్లలు దీన్ని ముందుగా కట్టేసేది అందుకే.

ఈ జత కలపడమనేది ఎంత గడ్డు సమస్యో! నున్నటి తెల్లగోడలోంచి ఒక గడి తీసుకుంటే పక్క గళ్లన్నీ దానిలాగే ఉంటాయి, ఏది ఏదో ఎలా చెప్పడం? కిటికీ చువ్వలు వరసగా ఉంటే ఏ చువ్వ ఏ చువ్వయిందో? కథానాయకుడు స్తంభం చాటునుంచి బయటికి వస్తాడు. మొదటి బొమ్మలో లేని భుజానికి రెండో బొమ్మలో జత ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు చిప్పు ఏదో ఒకటి అతికిస్తుంది. పరిగెత్తేవాళ్ల చుట్టూ నీళ్లలా వణికే అంచు కనిపిస్తుందే, అది ఆ అతుకే. క్రికెట్‌లో గంటకి 140 కిలోమీటర్ల బంతి సెకనులో యాభయ్యో వంతులో ముప్పావు మీటరు పైగా పోతుంది. అంత చిన్నది అంత దూరం పోతే దానికి జత వెతకలేక ఒక్కోసారి బంతినే మింగేస్తుంది.

ఇక రోజెట్ చక్రం. పన్నెండు ఆకుల రథచక్రం సెకనుకు సరిగ్గా రెండు చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 24 బొమ్మలు తీస్తే, బొమ్మ బొమ్మకీ ఒక్కో ఆకు సరిగ్గా పక్క ఆకు చోటికి చేరుతుంది. చక్రం నిలబడిపోతుంది. వేగం కాస్త తగ్గి 30 డిగ్రీల బదులు 28 తిరిగితే, రెండు డిగ్రీలు వెనక్కి వెళ్లినట్టు మెదడు తీర్మానిస్తుంది, ఎందుకంటే దానికి దగ్గరి జతే ఇష్టం. పాత పౌరాణికాల్లో గుర్రాలు ముందుకీ చక్రాలు వెనక్కీ పోయేది ఇందుకే. చిప్పుకీ దగ్గరి జతే ఇష్టం! మెదడు చేసే తప్పునే అదీ చేస్తుంది. తేడా ఏంటంటే, వెనక్కి తిరిగే ఆ నడిమి బొమ్మల్ని అచ్చంగా గీసి మరీ చూపిస్తుంది. లోకంలో ఎప్పుడూ జరగని తిరుగుడు మీ హాల్లో అచ్చు వేసినట్టు కనిపిస్తుంది. వెర్థైమర్ ఉంటే ఓ టీవీ కొనుక్కునేవాడు.

ఇదంతా అసలు ఎందుకు మొదలుపెట్టారని అడగొచ్చు. పాత గాజు గొట్టం టీవీలో ప్రతి చుక్కా తళుక్కున మెరిసి ఆరిపోయేది. ఎల్‌సీడీ తెర అలా కాదు, తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఉన్నదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. మన కన్ను మాత్రం కదిలే వస్తువు వెంట నున్నగా జరుగుతూ ఉంటుంది. కన్ను కదులుతూ, బొమ్మ ఆగిపోయి ఉంటే, రెటీనా మీద అది అలుక్కుంటుంది. రెండు సెకన్లలో తెర దాటే వస్తువు సెకనుకు 960 చుక్కలు పోతే, 24 బొమ్మల లెక్కన 40 చుక్కల మేర అలుకు. ఆ మసక పోగొట్టడానికి నడిమి బొమ్మలు నింపారు. మందు మంచిదే, సినిమాకి పడలేదు.

సరే, కల్పించడం వద్దు, సెకనుకు ఎక్కువ బొమ్మలు నిజంగానే తీస్తే? '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'లో నక్షత్రద్వారం దృశ్యాన్ని సృష్టించిన డగ్లస్ ట్రంబుల్ జీవితమంతా ఆ కలే కన్నాడు. 70 ఎంఎం ఫిల్ము మీద సెకనుకు 60 బొమ్మల 'షోస్కాన్' తయారుచేశాడు. ఒకరి అనుభవాన్ని ఇంకొకరి మెదడులోకి ఎక్కించే కథతో తీసిన 'బ్రెయిన్‌స్టార్మ్'లో ఆ అనుభవాల ఘట్టాలు మాత్రమే అరవైలో, మామూలు జీవితం ఇరవై నాలుగులో చూపాలనుకున్నాడు. ఎంత అద్భుతమైన ఆలోచన! కుదరలేదు. 1983లో అది మామూలు వేగంతోనే వచ్చింది. 2012లో పీటర్ జాక్సన్ 'హాబిట్'ని 48లో చూపిస్తే, సెట్లు సెట్లలా, విగ్గులు విగ్గుల్లా ఉన్నాయన్నారు. ఆంగ్ లీ 2016లోనూ, 2019లో 'జెమినై మ్యాన్'తోనూ ఏకంగా 120కి వెళ్లాడు, జనం వెంట వెళ్లలేదు. కామెరాన్ ఒక్కడే తెలివిగా 'అవతార్' రెండో భాగంలో నీళ్లూ ఎగరడాలూ ఉన్నచోట 48, మనుషులు కూర్చుని మాట్లాడుకునేచోట 24 అనిపించేలా పెట్టాడు. నా ఓటు ట్రంబుల్‌కే. ఆయన ఆలోచన కథకోసం పుట్టింది, మిగతావాళ్లది అంకె కోసం.

నా పక్షపాతం దాచను. 24లో ఏదో దివ్యత్వం ఉందని నిరూపణ లేదు. నాలాంటివాళ్లకి అది అలవాటు కావచ్చు, ఫోన్‌లో 60 బొమ్మల వీడియోలతో పెరిగే పిల్లలకి అసలు తేడా పట్టకపోవచ్చు. అయినా చెప్తాను: సెకనుకు 24 ఇచ్చినప్పుడు మిగతాది నా మెదడు పూరించుకుంటుంది. 'మాయాబజార్'లో ప్రియదర్శిని పేటిక తెరిస్తే ఎవరిమీద మనసుంటే వాళ్లు కనిపిస్తారు. ఈ పేటికలో మాత్రం చిప్పుకి తోచినవాళ్లు కనిపిస్తున్నారు.

కోపం నాకొక్కడికే కాదు. 2018 డిసెంబర్‌లో టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టఫర్ మెక్వారీ పక్కపక్కన నిలబడి, దయచేసి దీన్ని కట్టేసుకోండి అని వీడియో పెట్టారు. 2019లో 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అని ఒక మీటతో ఈ కల్పనలన్నీ ఆపే ఏర్పాటు ప్రకటించారు. పాతవాటిలోనూ ఆపొచ్చు, కానీ సోనీ దాన్ని మోషన్‌ఫ్లో అంటుంది, ఎల్‌జీ ట్రూమోషన్ అంటుంది, ఒక్కొక్కరిదీ ఒక్కో పేరు. సెట్టింగుల్లో పిక్చర్ లోపలికెళ్లి మోషన్ అన్న మాట ఎక్కడుందో పట్టుకుని ఆఫ్ చేయండి. క్రికెట్ ఎలాగూ ఎక్కువ బొమ్మలతోనే వస్తుంది, దానికీ ఇది అక్కర్లేదు.

ఆ రాత్రి బావమరిది టీవీలో పావుగంట వెతికి నేనే కట్టేశాను. కోట మళ్లీ కోటయింది. వాడు చప్పట్లు కొట్టాడు. మొన్న ఆదివారం మళ్లీ వెళ్తే హాల్లో సినిమా నడుస్తోంది, అచ్చం సీరియల్‌లా. వాడి వంక చూశాను. వాడు మా అత్తగారి వంక చూపించాడు.

"బొమ్మ తుళ్లుతోందని నేనే పక్కింటి కుర్రాణ్ని పిలిచి బాగుచేయించాను బాబూ," అన్నారావిడ. "ఎవరో పాడుచేసి పోయారు."