పైసలు కట్టాం, హెడ్‌ఫోన్ ఏదన్నా?

పోయిన ఎపిసోడ్‌లో ఇయర్‌ఫోన్ల గురించి మాట్లాడుతుంటే మధ్యలో క్రౌడ్‌ఫండింగ్ మాట వచ్చింది. రెండు నిమిషాల్లో దాటేశాం. ఆ రెండు నిమిషాలకి వచ్చినన్ని వాయిస్ మెసేజ్‌లు మిగతా ఎపిసోడ్ మొత్తానికి రాలేదు. చాలామంది అడిగింది ఒకటే ప్రశ్న: "అన్నా, పైసలు కట్టి ఏడాదిన్నర దాటింది. అదిగో ఇదిగో అంటున్నారు. ఇది లేటా, మోసమా?" మాట్లాడుతూ పోతే ఇంకో ఎపిసోడ్ అవుతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నేను ఆడియో ఇంజనీర్‌ని కాదు, ఐటీఐ చదివి సైట్‌లో పని నడిపించేవాణ్ణి. కానీ పని ఎందుకు లేటవుతుంది, లేటయినప్పుడు కాంట్రాక్టర్ ఎలా మాట్లాడతాడు అన్నది మాత్రం రోజూ చూస్తున్నదే.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. కిక్‌స్టార్టర్‌లో మనం కట్టే డబ్బు వస్తువు ధర కాదు. 2009లో మొదలైన ఆ సైట్, 2012లోనే "మాది దుకాణం కాదు" అని విడిగా ప్రకటన ఇచ్చింది. అదే టైంలో, హార్డ్‌వేర్ ప్రాజెక్టులు కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు పెట్టి నిజం వస్తువులా చూపించకూడదని, తయారైన నమూనానే చూపించాలని రూల్ పెట్టింది. గడువులోపు లక్ష్యం చేరితేనే మన కార్డులో డబ్బు కట్ అవుతుంది, చేరకపోతే ఒక్క పైసా పోదు. చేరిందంటే మాత్రం సైట్ తన 5 శాతం తీసుకుని, కార్డు ప్రాసెసింగ్ ఖర్చు పోగా మిగతాదంతా ఒకేసారి తయారుచేసేవాళ్ళ చేతిలో పెడుతుంది. ఆ తర్వాత వస్తువు రాకపోతే సైట్ రీఫండ్ ఇవ్వదు. తయారుచేసేవాళ్ళే ఇవ్వాలి, లేదా డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పి, మిగిలింది ఉంటే పంచాలి. రూల్స్‌లో ఉన్నది ఇంతే.

ఇప్పుడు మన సైట్ పద్ధతి గుర్తు తెచ్చుకోండి. గల్ఫ్‌లో పెద్ద పని ఇచ్చేటప్పుడు క్లయింట్ అడ్వాన్స్ ఇస్తాడు, కానీ దానికి బ్యాంక్ గ్యారంటీ అడుగుతాడు. పని మధ్యలో వదిలేసి పోతే నష్టం రాబట్టుకోవడానికి పెర్ఫార్మెన్స్ బాండ్ తీసుకుంటాడు. నెల నెలా కొలతలు వేసి, అయిన పనికే బిల్లు పాస్ చేస్తాడు. అందులో కూడా కొంత రిటెన్షన్ పేరుతో పట్టుకుని, స్నాగ్ లిస్ట్ అంతా క్లియర్ అయ్యాక వదులుతాడు. ఇన్ని కట్టుదిట్టాలు ఉన్నా బిల్డింగులు లేటవుతూనే ఉంటాయి. క్రౌడ్‌ఫండింగ్‌లో వీటిలో ఒక్కటీ లేదు. పునాది తవ్వకముందే నూటికి నూరు శాతం డబ్బు కాంట్రాక్టర్ జేబులో ఉంటుంది, కొలతలు వేసే కన్సల్టెంట్ ఉండడు. బ్యాకర్లకి కోపం రావడానికి అసలు కారణం లేటు ఒక్కటే అనుకోను. అడిగే అధికారం చేతిలో లేకపోవడం ఇంకా పెద్ద కారణం.

ఆడియో వాళ్ళందరూ చెప్పుకునే కేసు ఒసిక్ ఎక్స్ హెడ్‌ఫోన్. అమెరికాలో శాన్ డియాగో కంపెనీ. తల తిప్పితే శబ్దం వచ్చే దిక్కు కూడా దానికి తగ్గట్టు మారాలి, ప్రతి మనిషి తలకీ చెవులకీ సరిపోయేలా శబ్దం తనే సర్దుకోవాలి, అదీ దాని గొప్ప. 2016లో కిక్‌స్టార్టర్‌లో లక్ష డాలర్లు అడిగితే 10 వేల మందికి పైగా కలిసి సుమారు 27 లక్షల డాలర్లు పోశారు. తర్వాత బయట తీసుకున్న ముందస్తు ఆర్డర్లు కూడా కలిపితే మొత్తం 22 వేలు దాటాయి. 2018 మే నెలలో కంపెనీ మూసేస్తున్నామని ప్రకటించారు. అప్పటికి బయటికి వెళ్ళినవి మొదటి రకం హెడ్‌సెట్లు ఓ 80 మాత్రమే. మిగతా ఆర్డర్లు తయారుచేయాలంటే ఇంకా 20 లక్షల డాలర్లకి పైగా కావాలని వాళ్ళే రాశారు.

దీన్ని చూసి "దొంగలు" అనేయడం తేలిక. కానీ లెక్క చూడండి. లక్ష డాలర్లు అడిగిన చోట 27 రెట్లు వస్తే అది పండగలా కనిపిస్తుంది. నిజానికి అది 27 రెట్లు అప్పు. వందమందికి వండుదామని పొయ్యి పెట్టినవాడి పందిట్లో మూడు వేల మంది ఆకులు వేసుకుని కూర్చున్నట్టు. ఒక్కో హెడ్‌ఫోన్‌కి ముందే కట్టించుకున్న ధర 200, 250 డాలర్ల చుట్టూ ఉంది. ఫ్యాక్టరీ ఖర్చు, జీతాలు, టెస్టింగ్, షిప్పింగ్ అన్నీ అందులోనే రావాలి. ప్రచారం రోజున ఎవరికీ అసలు ఖర్చు తెలియదు, ఎందుకంటే అచ్చు ఇంకా తయారు కాలేదు.

ఆ అచ్చు దగ్గరే చాలా ప్రాజెక్టులు ఆగిపోతాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ప్లాస్టిక్ బాడీ కావాలంటే స్టీల్ దిమ్మలో దాని ఆకారం చెక్కాలి. అందులోకి కరిగిన ప్లాస్టిక్‌ని ప్రెషర్‌తో కొడతారు. మన షట్టరింగ్ లాంటిదే, కాకపోతే ప్లైవుడ్ షట్టర్ తప్పయితే సాయంత్రానికి సరిచేస్తాం. స్టీల్ అచ్చులో ఇంకొంచెం చెక్కడం వీలవుతుంది, ఎక్కువ చెక్కేస్తే మాత్రం మెటల్ తిరిగి పెట్టడానికి వెల్డింగ్ చేసి మళ్ళీ మెషినింగ్ చేయాలి. ఐటీఐలో ఫైల్ పట్టుకున్న ప్రతివాడికీ ఈ బాధ తెలుసు, తీసింది తిరిగి రాదు. మొదటిసారి అచ్చు నుంచి వచ్చిన ముక్కల్లో మందం ఎక్కువున్న చోట లొత్త పడుతుంది, రెండు ముక్కలు కలిసేచోట సందు వస్తుంది. అచ్చు సరిచేయడం, మళ్ళీ కొట్టి చూడడం, ఒక్కో రౌండ్‌కి వారాలు పడుతుంది. మూడు రౌండ్లు జరిగితే ఒక సీజన్ పోయినట్టే.

మామూలు ప్లాస్టిక్ డబ్బాకి సందు వస్తే అందం పోతుంది, అంతే. ఇయర్‌ఫోన్‌కి సందు వస్తే శబ్దమే పోతుంది. చెవిలో సరిగ్గా బిగుసుకోకుండా గాలి లీకయితే మొదట పోయేది బేస్. ఎడమ, కుడి స్పీకర్లు రెండూ ఒకేలా మోగాలి, కాబట్టి కొలిచి జత కట్టాలి. వీడియోలో చూపించే నమూనా చాలాసార్లు ఇంజనీర్ తన చేత్తో ఒక్కొక్కటిగా సరిచేసి బిగించింది. అది మన శాంపిల్ ఫ్లాట్ లాంటిది. బిల్డర్ తన దగ్గరున్న మంచి టైల్ మేస్త్రీని పెట్టి, టైం తీసుకుని చేయించిన ఒక్క ఫ్లాట్. మిగతా మూడు వందల ఫ్లాట్లు ఆ చేతితో రావు.

బ్రాగి డాష్ కథ ఇంకో రకం. జర్మనీలో మ్యూనిక్ కంపెనీ. 2014లో, వైర్ అసలే లేని రెండు విడి ఇయర్‌ఫోన్లు అంటే జనానికి కొత్త. దాదాపు 16 వేల మంది 33 లక్షల డాలర్లకి పైగా ఇచ్చారు. ఆ ఏడాది చివరికే పంపుతామన్నారు. చేతికి అందడం మొదలయ్యేసరికి 2016 వచ్చేసింది. ఇందులో ఒక చిక్కు ఏమిటంటే, బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాన్ని నీరు బాగా పీల్చేస్తుంది, మన తలకాయ ఎక్కువ భాగం నీరే. ఒక చెవి నుంచి ఇంకో చెవికి సిగ్నల్ తల గుండా నేరుగా పోదు. అందుకని వాళ్ళు రెండు చెవుల మధ్య అయస్కాంత క్షేత్రంతో నడిచే వేరే లింక్ పెట్టారు. దానికి తోడు ఆ చిటికెన వేలంత డబ్బాలో బ్యాటరీ, గుండె కొట్టుకోవడం కొలిచే సెన్సర్, పాటలు దాచే మెమరీ. ఇన్ని కలిపి 2014లో ఎవరూ చేయలేదు. ఏడాదికి పైగా లేటయినా వస్తువు ఇచ్చారు, నా లెక్కలో వాళ్ళు మాట నిలబెట్టుకున్నవాళ్ళే. ఆపిల్ అంతటి కంపెనీ కూడా 2016లో ఎయిర్‌పాడ్స్‌ని అక్టోబర్ చివర్లో ఇస్తామని డిసెంబర్‌లో ఇచ్చింది. తేడా ఏమిటంటే ఆపిల్ మన డబ్బుతో ఆ పరిశోధన చేయలేదు.

కొన్ని లేట్లు ఎవరి చేతిలోనూ ఉండవు. 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయోకాలో అసాహి కాసే వాళ్ళ చిప్ ఫ్యాక్టరీ కాలిపోయింది, మంటలు రోజుల తరబడి ఆరలేదు. డిజిటల్ లెక్కని శబ్దంగా మార్చే చిప్‌లు అక్కడ తయారయ్యేవి, ప్రపంచంలో ఎన్నో ఆడియో కంపెనీలు వాటినే వాడేవి. వేరే కంపెనీ చిప్ పెట్టాలంటే సర్క్యూట్ బోర్డ్ మళ్ళీ గీయాలి, టెస్టులు మళ్ళీ చేయించాలి. అసలే కరోనా వల్ల చిప్‌ల కరువు. పెద్ద కంపెనీ అయితే ముందే స్టాక్ పెట్టుకుంటుంది, లేదా డబ్బు పారేసి లైన్‌లో ముందుకి పోతుంది. వెయ్యి పీసులు అడిగే చిన్న కంపెనీకి సప్లయర్ ఫోన్ ఎత్తడం కూడా కష్టమే.

కిక్‌స్టార్టర్ ప్రాజెక్టుల మీద పెన్సిల్వేనియా యూనివర్సిటీ ప్రొఫెసర్ ఈథన్ మోలిక్ చేసిన పని కూడా ఇదే చెప్తుంది. ఆయన చూసిన డిజైన్, టెక్నాలజీ ప్రాజెక్టుల్లో నాలుగింట మూడు వంతులకి పైగా చెప్పిన తేదీకి ఇవ్వలేదు. 2015లో చేసిన ఇంకో సర్వేలో, డబ్బు సేకరించాక అసలు ఏమీ ఇవ్వలేకపోయినవి సుమారు 9 శాతం. అంటే లేటు మామూలు, ఎగ్గొట్టడం తక్కువ. మీ ప్రాజెక్ట్ ఆ 9 శాతంలో ఉందా లేదా అన్నదే మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న.

దానికి నేను చేసేది, వాళ్ళు పంపే అప్‌డేట్‌ని సైట్ డైలీ రిపోర్ట్‌లా చదవడం. మంచి ఫోర్‌మన్ రిపోర్ట్‌లో అంకెలు ఉంటాయి. ఎన్ని క్యూబిక్ మీటర్లు పోశాం, ఎంతమంది వచ్చారు, ఏది ఆగింది, ఎవరి వల్ల ఆగింది. చెడ్డవాడి రిపోర్ట్‌లో విశేషణాలు ఉంటాయి. "పని బాగా సాగుతోంది, టీమ్ కష్టపడుతోంది, మీ ఓపికకి ధన్యవాదాలు" అని మూడు నెలలు వరసగా వస్తే అనుమానించండి. "అచ్చు రెండో రౌండ్‌లో ఎడమ మూత దగ్గర సందు వచ్చింది, ఫలానా వారం మళ్ళీ కొడుతున్నాం, ఇదిగో ఫోటో" అని రాసినవాడు చెడ్డ వార్త చెప్తున్నాడు కానీ పని చేస్తున్నాడు. "90 శాతం అయిపోయింది" అన్న మాట నేను ఏ సైట్‌లోనూ నమ్మను. మిగిలిన 10 శాతానికే సగం టైం పోతుంది.

ఇంకో గుర్తు కూడా చూడాలి. బ్యాటరీ ఉన్న వస్తువు దేశాలు దాటి పోవాలంటే యూఎన్ 38.3 అనే రవాణా టెస్ట్ పాస్ కావాలి. అమెరికాలో ఎఫ్‌సీసీ, యూరప్‌లో సీఈ లెక్కలు వేరే. "వచ్చే నెల షిప్పింగ్" అంటూ ఈ టెస్టుల ఊసే ఎత్తకపోతే వచ్చే నెల రాదు. అన్నిటికన్నా పాడు గుర్తు ఒకటి: మొదటి వస్తువే ఇవ్వకుండా, అదే కంపెనీ రెండో కొత్త మోడల్‌కి డబ్బు వసూలు మొదలుపెట్టడం. పాత బాకీ కొత్త అడ్వాన్స్‌తో తీర్చే కాంట్రాక్టర్లని మనం చూడనివాళ్ళమా!

మనవాళ్ళకి ఇది హెడ్‌ఫోన్ల దగ్గర ఆగే విషయం కాదు. 200 డాలర్లంటే దుబాయ్‌లో 730 దిర్హాములు పైన, క్యాంప్‌లో ఉండే తమ్ముళ్ళలో కొందరికి అది సగం జీతం. అదే తమ్ముడు హైదరాబాద్ చుట్టుపక్కల "ప్రీ లాంచ్" ఫ్లాట్‌కి లక్షలు కట్టి కూర్చుంటాడు. అక్కడ కనీసం చట్టం ఉంది. 2016 రెరా చట్టం ప్రకారం కొనేవాళ్ళ నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం విడి ఖాతాలో పెట్టి, అయిన పనిని బట్టే తీయాలి, అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా 10 శాతం మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ప్రీ లాంచ్ వాడు రెరా నంబర్ రాకముందే అమ్మేది ఆ తాళం పడకముందే డబ్బు తీసుకోవడానికే. క్రౌడ్‌ఫండింగ్‌కి ఆ తాళం కూడా లేదు.

చట్టం అసలు పట్టదా అంటే పడుతుంది, ఆలస్యంగా. 2015లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మొదటిసారి ఒక క్రౌడ్‌ఫండింగ్ ప్రాజెక్ట్ మీద కేసు పెట్టింది. అది బోర్డ్ గేమ్. లక్షా 22 వేల డాలర్లకి పైగా వసూలు చేసి, ఆ డబ్బులో చాలావరకు సొంత ఖర్చులకి, ఇంటి అద్దెకి వాడుకున్నాడని కమిషన్ ఆరోపణ. చేతకాక చేతులెత్తేయడం వేరు, డబ్బు పక్కదారి పట్టించడం వేరు. చట్టం వెంటపడేది ముఖ్యంగా రెండోదాన్నే.

ఇప్పటికే కట్టి ఎదురుచూస్తున్నవాళ్ళు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. రీఫండ్ అడగాలనుకుంటే ఫ్యాక్టరీకి ఆర్డర్ వెళ్ళకముందే, మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. అందరూ పరిగెత్తే రోజున ఖాతాలో ఏమీ ఉండదు. కార్డు బ్యాంక్‌లో డిస్ప్యూట్ వేయడానికి గడువు ఉంటుంది, అది దాటకముందే బ్యాంక్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. ప్రచారం పేజీలో వాళ్ళు రాసిన తేదీని, వాళ్ళ మెయిల్స్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ముఖ్యంగా మనలాంటి వీసా మనుషులు అడ్రస్ సంగతి చూసుకోవాలి. రెండేళ్ళ కాంట్రాక్ట్ మీద ఉన్నవాడు కంపెనీ పీఓ బాక్స్ ఇస్తాడు, పార్సెల్ వచ్చేసరికి మనిషి జగిత్యాలలో ఉంటాడు. షిప్పింగ్‌కి ముందు "అడ్రస్ సరిచూసుకోండి" అని ఒక మెయిల్ వస్తుంది, చాలాసార్లు స్పామ్‌లో పడుతుంది. ఆ తేదీ దాటితే మార్చరు. అప్పటికి మీరు ఎక్కడుంటారో తెలియకపోతే, అక్కడే నాలుగేళ్ళు ఉండేలా ఉన్న స్నేహితుడి అడ్రస్, ఫోన్ నంబర్ ఇవ్వండి, కస్టమ్స్ డ్యూటీ పడితే కట్టమని అతనికి ముందే చెప్పి ఉంచండి.