బీరువాలో ఫోను ఎందుకు మూగబోయింది?

మీ ఇంట్లో బీరువా సొరుగులోనో, అటక మీద అట్టపెట్టెలోనో ఓ పాత సెల్‌ఫోను పడి ఉందేమో వెతికి చూడండి. 2003, 2004 ప్రాంతంలో కొన్న రిలయన్సు ఫోను దొరికితే మరీ మంచిది. బ్యాటరీ ఇంకా బతికి ఉంటే ఛార్జి ఎక్కించండి. తెర వెలుగుతుంది. మీట నొక్కితే పలుకుతుంది. కాని ఎవరికీ ఫోను చేయలేరు. నాన్నగారి సిమ్ కార్డు తీసి అందులో పెడదామంటే, చాలా వాటిలో సిమ్ పెట్టే చోటే ఉండదు!

ఫోను పాడైందా? లేదు. దానితో మాట్లాడే టవరు ఇప్పుడు లోకంలో లేదు. అదెలాగో తెలుసుకోవాలంటే ముందు సెల్‌ఫోను అంటే ఏమిటో చూడాలి.

సెల్‌ఫోను ఒక చిన్న రేడియో. మామూలు రేడియో వినడమే చేస్తుంది. ఇది వింటుంది, పలుకుతుంది కూడా. మీడియం వేవ్ ఒక్కటే ఉన్న రేడియోలో ఎఫ్.ఎం. స్టేషను ఎంత తిప్పినా రాదు కదా. ఫోను సంగతీ అంతే. మన దేశంలో తొలి సెల్‌ఫోను సంభాషణ 1995 జులై 31న కలకత్తాకూ ఢిల్లీకీ మధ్య జరిగింది. ఆ తర్వాత ఇక్కడ వ్యాపించిన జి.ఎస్.ఎం. ఫోన్లు 900, 1800 మెగాహెర్ట్జ్‌ల పౌనఃపున్యాల దగ్గర పనిచేసేవి. 900 మెగాహెర్ట్జ్‌లంటే సెకనుకు 90 కోట్ల కంపనాలు. కాంతి వేగాన్ని దీనితో భాగిస్తే తరంగదైర్ఘ్యం సుమారు 33 సెంటీమీటర్లు వస్తుంది. 1800కి ఎంతో మీరే లెక్క కట్టండి. అమెరికాలో ఇదే జి.ఎస్.ఎం. 850, 1900 మెగాహెర్ట్జ్‌ల మీద నడిచేది. అందుకే హైదరాబాదులో కొన్న రెండు పట్టీల ఫోను పట్టుకుని అమెరికా వెళ్ళిన వాళ్ళకు అది అక్కడ గడియారంగా మాత్రమే పనికొచ్చేది. తర్వాత నాలుగు పట్టీలనూ అందుకునే ఫోన్లు వచ్చి ఆ బాధ తీరింది.

పౌనఃపున్యం కలిస్తే చాలా? చాలదు. భాష కూడా కలవాలి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒక టవరు కింద వందల మంది ఒకేసారి మాట్లాడుతుంటారు. ఒకరి మాట ఇంకొకరి మాటలో కలిసిపోకుండా ఎలా? జి.ఎస్.ఎం. పద్ధతిలో వంతులు వేస్తారు. ఒక్కో రేడియో మార్గాన్ని ఎనిమిది మంది పంచుకుంటారు. ఒక్కొక్కరి వంతు సెకనులో రెండువేలవ వంతు కంటే కాస్త ఎక్కువ. ఎనిమిది వంతులు పూర్తి కావడానికి 4.615 మిల్లీసెకన్లు, ఆపైన మళ్ళీ మొదటివాడి వంతు. అంటే మాట్లాడుతున్న ఫోను సెకనుకు సుమారు 217 సార్లు పలికి, అన్నిసార్లు మౌనంగా ఉంటుంది. రేడియో పక్కన పెట్టిన ఫోనుకు కాల్ వచ్చే ముందు రేడియోలో “టిడిక్ టిడిక్, బుర్ర్” మని శబ్దం రావడం మీ పెద్దవాళ్ళు వినే ఉంటారు, అడగండి. ఆ బుర్రుమనే చప్పుడు ఈ 217 తాళమే!

రెండో పద్ధతి సి.డి.ఎం.ఎ. ఇందులో వంతులు లేవు. అందరూ ఒకే పౌనఃపున్యం మీద, ఒకేసారి మాట్లాడతారు. వినడానికి ఇది సంతలా ఉంది కదూ! కాని లెక్క చూడండి.

టవరు రవి ఫోనుకూ, శారద ఫోనుకూ కబురు పంపాలి. రవికి ఇచ్చిన సంకేతం (+1, +1). శారదకు ఇచ్చినది (+1, –1). “అవును” అని చెప్పాలంటే సంకేతాన్ని ఉన్నదున్నట్టు పంపాలి. “కాదు” అనాలంటే గుర్తులు తిరగేసి పంపాలి. రవికి “అవును” పంపితే (+1, +1). శారదకు “కాదు” పంపితే (–1, +1). రెండూ గాలిలో కలిసిపోయి (0, +2) అయ్యాయి. ఇద్దరి ఫోన్లకూ ఇదే అందింది. రవి ఫోను దాన్ని తన సంకేతంతో గుణించి కూడుతుంది: 0×1 + 2×1 = +2. ధనసంఖ్య వచ్చింది కనుక “అవును”. శారద ఫోను తన సంకేతంతో చేస్తుంది: 0×1 + 2×(–1) = –2. రుణసంఖ్య, కనుక “కాదు”. కలగాపులగమైన దానిలోంచి ఎవరి కబురు వారికి చేరింది. ఇద్దరి కబుర్లనూ మార్చి మీరు కాగితం మీద చేసి చూడండి, ఎప్పుడూ తప్పదు. అసలు సి.డి.ఎం.ఎ.లో టవరు పంపే సంకేతాలు రెండంకెలవి కావు, 64 అంకెల పొడవుంటాయి.

ఈ లెక్క చేసే మెదడు సి.డి.ఎం.ఎ. ఫోనులో ఉంటుంది. జి.ఎస్.ఎం. ఫోనుకు అదంతా వట్టి గోల. కాబట్టి ఫోను మీద ఏ కంపెనీ పేరుందన్నది కాదు ప్రశ్న, లోపల ఏ మెదడు పెట్టారన్నది. ఐఫోను 4 నే తీసుకోండి. 2010లో అమెరికాలో ఏ.టి.అండ్.టి. కోసం వచ్చింది జి.ఎస్.ఎం. రకం. సి.డి.ఎం.ఎ. వాడే వెరైజన్ కోసం 2011 ఫిబ్రవరిలో వేరే రకం అమ్మాల్సి వచ్చింది. పేరు ఒకటే, ఒకదాని నెట్‌వర్కు మీద ఇంకొకటి పనిచేయదు. దీనికి తోడు, వాయిదాల మీద అమ్మిన ఫోనుకు కంపెనీలు తాళం వేసేవి; వేరే కంపెనీ సిమ్‌ను ఒప్పుకోకుండా చేసే ఆ తాళం భౌతికశాస్త్రం పెట్టింది కాదు, వ్యాపారం పెట్టింది.

4జి వచ్చాక ఈ రెండు భాషల తగవు తీరింది, అందరూ ఎల్.టి.ఇ. అనే ఒక్క భాషకు వచ్చారు. కాని ఇంకో చిక్కు వచ్చిపడింది. 4జిని ఇంటర్నెట్ కోసం రూపొందించారు. తొలి 4జి ఫోన్లు మాట్లాడాల్సి వచ్చినప్పుడు చప్పున 2జి లోకో, 3జి లోకో దిగిపోయేవి. 2016 సెప్టెంబరు 5న మొదలైన జియోకు 2జి, 3జి లేనే లేవు. దిగడానికి కింద మెట్టు లేదు! అందుకని మాటలను కూడా 4జి మీదనే పంపే వోల్టీ అనే ఏర్పాటు ఫోనులో ఉండాలి. అది లేని 4జి ఫోనులో జియో సిమ్ వేస్తే ఇంటర్నెట్ వచ్చేది, మామూలు పద్ధతిలో కాల్ వెళ్ళేది కాదు. చాలామంది దాన్ని ఫోను దోషమనో, సిమ్ దోషమనో అనుకున్నారు.

ఇది ప్రాణాల మీదికి కూడా రావచ్చు. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు 28న టెల్‌స్ట్రా, ఆప్టస్ కంపెనీలు 3జిని ఆపడం మొదలుపెట్టాయి. అక్కడ అత్యవసర నంబరు 000. కొన్ని ఫోన్లు మామూలు కాల్స్ 4జి మీద చక్కగా చేస్తాయి, 000 నొక్కగానే మాత్రం 3జిని వెతుక్కుంటాయి. ఆ సంగతి ఫోను యజమానికి ఇల్లు అంటుకున్న రోజున గాని తెలియదు. అందుకని అలాంటి ఫోన్లకు సేవే ఇవ్వకూడదని అక్కడి ప్రభుత్వం నియమం పెట్టింది. ఇతర దేశాల్లో కొని తీసుకువెళ్ళిన ఫోన్లూ కొన్ని ఇందులో చిక్కాయి. మీ అన్నయ్యో అక్కయ్యో చదువుకు విదేశం వెళుతుంటే, పెట్టె సర్దేటప్పుడు ఫోను మోడలు నంబరు చూసి, అక్కడి పట్టీలకూ, వోల్టీకీ సరిపోతుందో లేదో కంపెనీ జాబితాలో సరిచూడమనండి. ఒకే పేరుతో ఒక్కో దేశానికి ఒక్కో మోడలు నంబరు ఉంటుంది.

ఇక బీరువాలోని ఫోను సంగతి. రిలయన్సు సి.డి.ఎం.ఎ. మన దేశంలో 800 మెగాహెర్ట్జ్‌ల పట్టీలో నడిచింది. ఇప్పుడు ఆ పట్టీలో జియో 4జి తరంగాలు తిరుగుతున్నాయి. మీరు సొరుగు తెరిచి ఆ ఫోను వెలిగించగానే దాని యాంటెనాకు తాను పుట్టిన పౌనఃపున్యాల దగ్గరే సంకేతాలు తగులుతాయి. ఫోను వాటిని 64 అంకెల లెక్కలో పెట్టి గుణిస్తుంది, కూడుతుంది, అర్థమైన మాట ఒక్కటీ దొరక్క మళ్ళీ వెతుకుతుంది. బ్యాటరీ అయిపోయేదాకా అలా వెతుకుతూనే ఉంటుంది.