వైఫై ఉంది, నెట్ లేదు: గట్టు పట్టుకుని నడుద్దాం రండి

సీఎస్ఈలో సీటు వచ్చిందని తెలిసిన రోజు నుంచే మన ఇళ్లల్లో మనకి ఒక జీతం లేని ఉద్యోగం పడుతుంది. ప్రింటర్ కదలకపోయినా, టీవీలో యూట్యూబ్ రాకపోయినా, వైఫై ఆగిపోయినా ఫోన్ మనకే. "నువ్వు చదివేది కంప్యూటర్లేగా" అంటారు. కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్ ఇంకా మొదలవ్వలేదని చెప్పినా వినేవాళ్లు ఎవరూ ఉండరు. పైగా మనం ఉండేది హాస్టల్లో, రౌటర్ ఉండేది ఊళ్లో. అంటే చూడకుండా, ముట్టుకోకుండా, అమ్మ చేతులతోనూ నాన్న కళ్లతోనూ రిపేర్ చెయ్యాలన్నమాట.

ఈ వ్యాసం ఆ ఫోన్ కాల్ కోసమే. "వైఫై కనెక్ట్ అయింది కానీ నెట్ రావట్లేదురా" అన్నప్పుడు ఏ ప్రశ్న ముందు అడగాలి, ఏది తర్వాత అడగాలి, ఎందుకు అడగాలి అన్నది చూద్దాం.

నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

మాది డెల్టా వైపు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు పెద్ద కాలువలోకి, అక్కణ్ణుంచి పిల్ల కాలువలోకి, తూము దాటి బోదెలోకి, చివరికి చేలోకి వస్తాయి. చేలోకి నీళ్లు రాకపోతే రైతు వెంటనే బ్యారేజీకి పరిగెత్తడు, ఇంట్లో కూర్చుని మోటారునీ తిట్టడు. గట్టు పట్టుకుని నడుస్తాడు. బోదెలో నీళ్లున్నాయా? తూము దగ్గర ఉన్నాయా? ఎక్కడ తడి ఆగిపోయిందో అక్కడే గడ్డి అడ్డం పడిందో, ఎవరో గండి కొట్టారో ఉంటుంది.

ఇంటర్నెట్ కూడా అంతే. ఫోన్ నుంచి రౌటర్ దాకా ఒక ముక్క. రౌటర్ నుంచి నెట్ కంపెనీ దాకా రెండో ముక్క. కంపెనీ నుంచి బయటి ప్రపంచం దాకా మూడోది. ఫోన్ మీద కనిపించే వైఫై గీతలు మొదటి ముక్క సంగతి మాత్రమే చెప్తాయి. గీతలు నిండుగా ఉన్నాయంటే రౌటర్ దగ్గర్లో ఉందని అర్థం, నెట్ ఉందని కాదు.

మరి "ఇంటర్నెట్ లేదు" అని ఫోన్‌కి ఎలా తెలుస్తుంది? వైఫై తగలగానే ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్ సర్వర్‌కి ఒక చిన్న అభ్యర్థన పంపి, 204 అనే ఖాళీ జవాబు వస్తుందా అని చూస్తుంది. విండోస్ అయితే మైక్రోసాఫ్ట్ దగ్గర్నుంచి ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ తెచ్చుకుంటుంది. అనుకున్న జవాబు రాకపోతే ఆ హెచ్చరిక పెడతాయి. అంటే అవి చెప్పేది "చేలో నీళ్లు లేవు" అన్నంత వరకే. ఎక్కడ ఆగాయో మనమే చూసుకోవాలి.

పని ఆగకూడదు

గట్టు మీదకి వెళ్లేముందు ఒక మాట. నెట్ పోయినప్పుడు ఇంట్లో ఏదైనా అర్జెంటు పని ఉంటే, అంటే ఫీజు చివరి తేదీయో, ఆన్‌లైన్ పరీక్షో ఉంటే, ముందు ఎవరి ఫోన్ నుంచైనా హాట్‌స్పాట్ ఆన్ చేయించి పని కానివ్వండి. రిపేర్ పావుగంట పట్టొచ్చు, రెండు రోజులు పట్టొచ్చు. ఫారమ్ నింపడానికి పెద్ద స్పీడేం అక్కర్లేదు.

మొదటి ప్రశ్న: ఒక్కదానికేనా, అన్నిటికీనా?

"అమ్మా, నీ ఫోన్లో వస్తోందా? టీవీలో?" అన్నది అన్నిటికన్నా ముందు అడగాలి. ఎక్కడా రాకపోతే తప్పు రౌటర్ దగ్గరో, దాని అవతలో ఉంది. ఒక్క ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో మాత్రమే రాకపోతే, కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు, ఆ పరికరాన్నే చూడాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం గట్టు నడిచినట్టే.

ఒక్కదానికే రాకపోతే చూడాల్సినవి ఇవి. ఫోన్లో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా? టైము తప్పుగా ఉంటే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లనివిగా కనిపిస్తాయి, పేజీ తెరుచుకోదు. వీపీఎన్ యాప్ ఏదైనా ఆన్‌లో ఉందా? రౌటర్‌లో ఎవరైనా మ్యాక్ ఫిల్టర్ పెట్టారా? కొత్త ఫోన్లు ప్రతి వైఫైకీ ఒక మారు మ్యాక్ అడ్రస్ చూపిస్తాయి (ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఇది మామూలే). ఆ మారు అడ్రస్ ఫిల్టర్ జాబితాలో ఉండదు కాబట్టి రౌటర్ లోపలికి రానివ్వదు. వైఫై సెట్టింగ్‌లో ఆ నెట్‌వర్క్‌ని "ఫర్గెట్" కొట్టి, మళ్లీ పాస్‌వర్డ్ ఇచ్చి కనెక్ట్ చేస్తే చిన్నాచితకా గొడవలు చాలా వరకు పోతాయి.

రెండో ప్రశ్న: డబ్బా మీద ఏ లైట్లు ఉన్నాయి?

అన్నిటికీ రాకపోతే లైట్లు అడగండి. ఇప్పుడు చాలా ఇళ్లకి వస్తున్నది ఫైబర్. ఫైబర్ తీగ వచ్చి తగిలే డబ్బాని ఓఎన్‌టీ అంటారు, మనవాళ్లు మోడెమ్ అంటారు. చాలా ఇళ్లల్లో అదీ రౌటరూ ఒకే డబ్బా.

పవర్ లైట్ వెలగకపోతే ముందు ప్లగ్గు, తర్వాత అడాప్టర్ చూడాలి. అడాప్టర్ మార్చాల్సి వస్తే డబ్బా అడుగున రాసిన వోల్టులతో సరిపోవాలి, ఆంపియర్లు అంతకి తగ్గకూడదు. తక్కువ ఆంపియర్లది పెడితే లైట్ వెలుగుతుంది కానీ డబ్బా మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంటుంది.

ఎల్ఓఎస్ అని రాసిన చోట ఎర్రలైటు మినుకుమినుకుమంటుంటే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదని అర్థం. తీగ ఎక్కడో తెగింది, బాగా వంగింది, లేదా కనెక్టర్ ఊడింది. ఫైబర్ లోపల వెలుతురు నడిచే గాజు దారం సుమారు 9 మైక్రాన్లు, మన తలవెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. బీరువా వెనక్కి నెట్టినప్పుడు నలిగినా, మేకు చుట్టూ బిగించి చుట్టినా వెలుతురు వంపు దగ్గర బయటికి జారిపోతుంది. వంపు ఉంటే వదులు చెయ్యమనండి. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పండి: తీగ కొసలోకి కన్ను పెట్టి చూడొద్దు. కంపెనీ నుంచి వచ్చే లేజర్ 1490 నానోమీటర్లది, ఇన్‌ఫ్రారెడ్. కంటికి కనిపించదు, కాబట్టి ఉందో లేదో చూసి చెప్పలేరు. వంపు తీసినా ఎర్రలైటు పోకపోతే ఇక ఇంట్లో చేసేదేమీ లేదు, లైన్‌మన్ రావాలి.

పీఓఎన్ లైట్ నిలకడగా పచ్చగా ఉండి, ఎల్ఓఎస్ ఆరిపోయి ఉంటే ఫైబర్ బాగానే ఉంది. అప్పుడు లోపలి సంగతులు చూడాలి.

ఆపి ఆన్ చేయండి, ఆ సన్న కన్నం మాత్రం వద్దు

"ఆపి ఆన్ చేశావా" అన్నది మన బ్రాంచ్ మీద ఉన్న పాత జోకే. కానీ దానికి కారణం ఉంది. రౌటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే. ఇంట్లో ఏ పరికరం బయట ఎవరితో మాట్లాడుతోందో ఒక పట్టికలో రాసుకుంటుంది. మన హాస్టల్ గేట్ దగ్గర సెక్యూరిటీ అంకుల్ పార్సిల్ వస్తే ఏ రూముకో రిజిస్టర్ చూసి పంపుతారు కదా, రౌటర్ చేసే ఆ పనినే నాట్ అంటారు. ఆ రిజిస్టర్ నిండిపోయినా, ఏదో ప్రోగ్రామ్ ఇరుక్కున్నా డబ్బా మందకొడిగా తయారవుతుంది. ప్లగ్గు తీసి ఒక అర నిమిషం ఆగి పెడితే అంతా కొత్తగా మొదలై, కంపెనీ దగ్గర లాగిన్ కూడా మళ్లీ జరుగుతుంది. లైట్లు కుదురుకోడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, అప్పటిదాకా ఆగమనండి.

కానీ డబ్బా వెనక పిన్నుతో నొక్కే రీసెట్ కన్నం ఉంటుంది. దాన్ని పట్టి నొక్కితే వైఫై పేరు, పాస్‌వర్డే కాకుండా కంపెనీ వాళ్లు పెట్టిన లాగిన్, వీల్యాన్ సెట్టింగులు కూడా పోవచ్చు. అప్పటిదాకా చిన్న సమస్య అయినది, మనిషి వచ్చి కూర్చుంటే గానీ తేలని సమస్య అవుతుంది. "రీస్టార్ట్ చెయ్ అమ్మా, రీసెట్ కాదు" అని రెండుసార్లు చెప్పండి.

మూడో ప్రశ్న: అడ్రస్ ఏమొచ్చింది?

వైఫైకి తగలగానే ప్రతి పరికరం "నాకో అడ్రస్ ఇవ్వండి" అని అడుగుతుంది. రౌటర్‌లోని డీహెచ్‌సీపీ అనే సర్వీస్ ఒక ఐపీ అడ్రస్, దానితోపాటు గేట్‌వే, డీఎన్ఎస్ వివరాలు ఇస్తుంది. ఫోన్లో వైఫై పేరు మీద నొక్కి వివరాల్లోకి వెళ్తే ఇవి కనిపిస్తాయి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టాలి.

192.168తో మొదలైతే ఇంట్లో అడ్రస్ దొరికినట్టే. 169.254తో మొదలైతే ఎవరూ అడ్రస్ ఇవ్వలేదు, ల్యాప్‌టాప్ తనకి తానే ఒకటి పెట్టుకుంది అని అర్థం. అప్పుడు తప్పు మొదటి ముక్కలో, అంటే ఆ పరికరానికీ రౌటర్‌కీ మధ్యలో ఉంది.

అడ్రస్ బాగుంటే పింగ్ చెయ్యాలి. పింగ్‌ని 1983లో మైక్ మూస్ రాశారు. సబ్‌మెరైన్ సోనార్ శబ్దం పేరే దానికి పెట్టారు, కేక వేసి ప్రతిధ్వని కోసం ఆగడమే దాని పని. మూడు కేకలు వరసగా వేయించండి.

ముందు గేట్‌వేకి, ఉదాహరణకి 192.168.1.1కి. జవాబు వస్తే బోదె బాగుంది. తర్వాత 8.8.8.8కి. అది గూగుల్ నడిపే డీఎన్ఎస్ సర్వర్. జవాబు వస్తే నీళ్లు పెద్ద కాలువ దాకా పారుతున్నాయి. చివరికి ఏదైనా సైట్ పేరుకి. నంబరుకి జవాబు వచ్చి, పేరుని గుర్తుపట్టలేకపోతే తప్పు డీఎన్ఎస్‌ది. పేరు చెప్తే నంబర్ వెతికి ఇచ్చేది అదే, మన ఫోన్లో కాంటాక్ట్స్ లాగా. కాంటాక్ట్స్ పోతే ఫోన్ పాడవ్వదు, ఎవరి నంబరూ గుర్తుండదు అంతే. వైఫై సెట్టింగ్‌లో డీఎన్ఎస్ 8.8.8.8 అనో 1.1.1.1 అనో పెడితే చాలాసార్లు పని జరిగిపోతుంది.

గేట్‌వే పలికి 8.8.8.8 పలక్కపోతే తప్పు రౌటర్ అవతల ఉంది. బ్రౌజర్‌లో గేట్‌వే అడ్రస్ కొట్టి రౌటర్ పేజీలోకి వెళ్తే వ్యాన్ స్టేటస్ కనిపిస్తుంది. చాలా కనెక్షన్లలో రౌటర్ పీపీపీఓఈ పద్ధతిలో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి కంపెనీలోకి లాగిన్ అవుతుంది. అక్కడ డిస్‌కనెక్టెడ్ అనో ఆథెంటికేషన్ ఫెయిల్డ్ అనో ఉంటే ముందు రీచార్జ్ అయిపోయిందేమో చూడండి. ఫైబర్ లైట్లన్నీ పచ్చగా ఉండి నెట్ మాత్రం రాకపోవడానికి ఇదొక మామూలు కారణం.

ఒక సాయంత్రం కథ

మా చెల్లి ఎంసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లకి చివరి రోజు. "అన్నయ్యా, ల్యాప్‌టాప్‌లో సైట్ తెరుచుకోవట్లేదు, వైఫై ఫుల్‌గానే ఉంది" అని ఏడుపు గొంతుతో ఫోన్. అమ్మ ఫోన్ హాట్‌స్పాట్‌తో ముందు ఆప్షన్లు పెట్టి సేవ్ చేయించాను. తర్వాత గట్టు మీద నడక మొదలైంది.

అమ్మ ఫోన్లో వైఫై మీద నెట్ వస్తోంది, ల్యాప్‌టాప్‌లో రావట్లేదు. కాబట్టి కంపెనీ తప్పు కాదు. ల్యాప్‌టాప్ అడ్రస్ అడిగితే 192.168.0తో మొదలైంది. అమ్మ ఫోన్‌ది చూస్తే 192.168.1తో మొదలైంది. ఒకే ఇంట్లో రెండు రకాల అడ్రస్‌లు అంటే ఇచ్చేవాళ్లు ఇద్దరు ఉన్నారన్నమాట. "ఇంట్లో ఇంకో రౌటర్ ఏమైనా పెట్టారా?" అని అడిగితే అమ్మ అంది: "వెనక గదిలో సిగ్నల్ రావట్లేదని మీ బాబాయి వాళ్ల పాతది నిన్న తగిలించి వెళ్లాడు."

విషయం అదీ. పాత రౌటర్ కేబుల్ ల్యాన్ పోర్టులో ఉంది, దాని డీహెచ్‌సీపీ కూడా ఆన్‌లోనే ఉంది. అడ్రస్ అడిగిన వాళ్లకి ఇద్దరిలో ఎవరు ముందు పలికితే వాళ్లది దక్కుతుంది. అసలు రౌటర్ ఇచ్చిన వాళ్లకి నెట్ వస్తుంది. పాతది ఇచ్చిన వాళ్లు "బయటికి దారి నేనే" అన్న దాని మాట నమ్మి, నెట్ లేని గేటు దగ్గర నిలబడిపోతారు. పాతదాని ప్లగ్గు తీయించి, ల్యాప్‌టాప్ వైఫై ఆపి ఆన్ చేయిస్తే సైట్ తెరుచుకుంది. పండక్కి ఇంటికెళ్లినప్పుడు పాతదానిలో డీహెచ్‌సీపీ ఆపి, దాని అడ్రస్ 192.168.1.2గా మార్చి మళ్లీ పెట్టాను. ఇప్పుడు వెనక గదిలోనూ వస్తోంది, గొడవా లేదు.

కస్టమర్ కేర్‌కి చేసేటప్పుడు

"నెట్ రావట్లేదండీ" అంటే అవతలివాళ్లు మొదటి నుంచి మొదలుపెట్టి ప్లగ్గు తీసి పెట్టమంటారు. "అన్ని పరికరాల్లోనూ రావట్లేదు, ఎల్ఓఎస్ ఎరుపు, రీస్టార్ట్ చేశాం" అనో, "పీఓఎన్ పచ్చ, పీపీపీఓఈ ఫెయిల్ అవుతోంది, ప్లాన్ అయిపోలేదు" అనో చెప్పండి. కంప్లెయింట్ సరైన మనిషి దగ్గరికి నేరుగా వెళ్తుంది. నంబర్ రాసుకోవడం మర్చిపోవద్దు.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఒక పదినిమిషాలు కేటాయించండి. కంపెనీ యూజర్ ఐడీ, కస్టమర్ కేర్ నంబర్, రౌటర్ పేజీ అడ్రస్ ఒక కాగితం మీద తెలుగులో రాసి డబ్బా పక్కన గోడకి అంటించండి. బాగా పనిచేస్తున్నప్పుడు లైట్లు ఎలా ఉంటాయో ఒక ఫొటో తీసి ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో పెట్టండి. పాడైనప్పుడు ఏది తేడాగా ఉందో ఆ ఫొటో పక్కన పెట్టి అమ్మే చెప్పేస్తుంది. మనకి ఫోన్ వచ్చినా, అది "తిన్నావా" అని అడగడానికే వస్తుంది.