ఆచార్యుడైన ఆటగాడు

ఒక విద్యలో ఆరితేరడం వేరు, ఆ విద్యను ఇతరులకు అందించడం వేరు. ప్రావీణ్యానికి అభ్యాసం, పట్టుదల ఆధారం. బోధనకు వాటితోపాటు ఓర్పు కావాలి. ఎదుటివాని శక్తిని, పరిమితిని గుర్తించే చూపు కావాలి. అన్నిటికంటె మించి, తనకు తెలిసినదంతా ఒక్కసారిగా చెప్పివేయకుండా ఆపుకొనే సంయమనం కావాలి. క్రీడారంగంలో ఈ సత్యాన్ని తన జీవితంతో నిరూపించినవాడు అమెరికా దేశపు గోల్ఫ్ శిక్షకుడు హార్వీ పెనిక్.

ఆయన ఘనతను గ్రహించడానికి ముందు గోల్ఫ్ ఆట స్వరూపాన్ని స్థూలంగా తెలుసుకోవాలి. విశాలమైన పచ్చిక మైదానంలో పద్దెనిమిది గుంతలు ఉంటాయి. ఒక్కొక్క గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు మాత్రమే. దూరం నుండి చిన్న బంతిని కర్రతో కొట్టుకొంటూ పోయి ఆ గుంతలో వేయాలి. అతి తక్కువ దెబ్బలతో ఆట ముగించినవాడే విజేత. బంతి కదలక నిలిచి ఉంటుంది. ప్రత్యర్థి వచ్చి అడ్డుకోడు. అయినప్పటికీ ఈ ఆట మిక్కిలి కఠినమైనది. ఆలోచించడానికి కావలసినంత వ్యవధి ఉండడమే అందుకు ఒక కారణం. మనసులో సందేహం ప్రవేశిస్తే చేయి తడబడుతుంది. కనుక గోల్ఫ్ శిక్షకుడు శిష్యుని చేతులనే కాక మనసును కూడా తీర్చిదిద్దవలసి ఉంటుంది.

హార్వీ పెనిక్ 1904 అక్టోబరు 23న టెక్సాస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్ నగరంలో జన్మించాడు. ఎనిమిదేళ్ల ప్రాయంలోనే ఆస్టిన్ కంట్రీ క్లబ్బులో కేడీగా చేరాడు. ఆటగాళ్ల వెంట వారి కర్రల సంచిని మోసుకొని నడవడం కేడీ పని. ఆ పని చేస్తూనే బాలుడు ఆటలోని మెలకువలను కన్నులారా చూసి నేర్చుకొన్నాడు. పాఠశాల చదువు ముగియగానే 1923లో అదే క్లబ్బుకు ప్రధాన శిక్షకుడయ్యాడు. ఒకవైపు సభ్యులకు ఆట నేర్పుతూ, మరొకవైపు వృత్తి క్రీడాకారుడిగా పెద్ద పోటీలలో పాల్గొన్నాడు. పేరుపొందిన ఆటగాడు కావాలన్నది ఆయన ఆకాంక్ష.

1930లలో హ్యూస్టన్ నగరంలో జరిగిన ఒక పోటీ ఆ ఆకాంక్షను మలుపు తిప్పింది. అక్కడ వర్జీనియా నుండి వచ్చిన శాం స్నీడ్ అనే యువకుడు బంతిని కొట్టడం పెనిక్ చూశాడు. ఆ దెబ్బ ధ్వని తుపాకి పేలినట్లుగా ఉంది. బంతి తూటావలె దూసుకుపోయింది. అటువంటి ఆట తనకు సాధ్యం కాదని ఆయనకు ఆ క్షణాననే తోచింది. తన భవిష్యత్తు పోటీలలో లేదని, బోధనలో ఉన్నదని నిశ్చయించుకొన్నాడు. ఆ అంచనా తప్పు కాలేదు. శాం స్నీడ్ తరువాతి కాలంలో అమెరికా వృత్తి గోల్ఫ్ పోటీలలో 82 విజయాలు సాధించాడు. పరుని ఆధిక్యాన్ని చూసి అసూయపడేవారు ఉంటారు, కుంగిపోయేవారు ఉంటారు. పెనిక్ మాత్రం దానిని తన మార్గాన్ని ఎంచుకోవడానికి సాధనంగా చేసుకొన్నాడు.

ఆయన బోధనా పద్ధతి సరళమైనది. సాధారణంగా కొత్తవారు బంతిని బలంగా, దూరంగా కొట్టాలని ఉబలాటపడతారు. పెనిక్ మొదట గుంత పక్కనే బంతిని ఉంచి, దానిని మెల్లగా దొర్లించి లోపల వేయడం నేర్పేవాడు. ఆపైన కొద్దికొద్దిగా వెనుకకు జరుగుతూ పెద్ద దెబ్బల వరకు తీసుకుపోయేవాడు. దీనివలన గమ్యం ఏదో శిష్యునికి తొలినాడే తెలుస్తుంది. చిన్న విజయాలు అతనిలో ధైర్యాన్ని పెంచుతాయి. కర్ర తిప్పే తీరును వివరించడానికి ఆయన శాస్త్రీయ పదజాలాన్ని ఆశ్రయించేవాడు కాదు. నిలబడి గడ్డి నరికే పనిముట్టును చేతికిచ్చి ఊపమనేవాడు. నీళ్ల బొక్కెనను రెండు చేతులతో ఊపుతున్నట్లు ఊహించుకోమనేవాడు. ‘చేయవద్దు’, ‘ఎన్నడూ’ వంటి నిషేధ పదాలను సాధ్యమైనంతవరకు వాడేవాడు కాదు. చేయకూడనిది చెబితే శిష్యుని మనసు దానిమీదనే నిలుస్తుందని ఆయన అనుభవం. సలహా ఔషధం వంటిదని, మోతాదు మించితే మేలుకు బదులు కీడు చేస్తుందని ఆయన భావించాడు.

ఒకే మందు అందరికీ పనిచేయదని కూడా ఆయన ఎరుగును. ఆస్టిన్‌లో ఆయన వద్ద శిక్షణ పొందిన బాలురలో టాం కైట్, బెన్ క్రెన్‌షా ముఖ్యులు. కైట్ విసుగు లేని పరిశ్రమతో ఎదిగినవాడు. క్రెన్‌షాకు ఆట సహజంగా అబ్బింది. ఒకరికి చెప్పినది మరొకరికి హాని చేయవచ్చునని, ఒకరి పాఠాన్ని మరొకరు చూడకుండా పెనిక్ జాగ్రత్తపడ్డాడు. వారిరువురూ 1972లో అమెరికా విశ్వవిద్యాలయాల జాతీయ పోటీలలో సంయుక్త విజేతలుగా నిలిచారు.

పెనిక్ 1931 నుండి 1963 వరకు టెక్సాస్ విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షకుడిగా కూడా పనిచేశాడు. మహిళా క్రీడాకారిణులు అనేకులు ఆయన సలహాలు పొందారు. వారిలో బెట్సీ రాల్స్, మిక్కీ రైట్ తలా నాలుగు పర్యాయాలు అమెరికా మహిళల ఓపెన్ పోటీని గెలిచారు. కేథీ విట్‌వర్త్ న్యూ మెక్సికో రాష్ట్రంలోని జాల్ అనే చిన్న పట్టణానికి చెందిన బాలిక. ఆమె తొలి గురువు హార్డీ లౌడర్‌మిల్క్, తనకంటె మేలైన శిక్షణ ఆమెకు అవసరమని గుర్తించి పెనిక్ వద్దకు పంపాడు. ఆమె వృత్తి క్రీడా జీవితంలో 88 విజయాలు సాధించింది.

పెనిక్ తాను గమనించిన విషయాలను 1920లనాటి నుండి ఒక ఎర్ర అట్టల పుస్తకంలో రాసుకొనేవాడు. తన తరువాత క్లబ్బు శిక్షకుడైన కుమారుడు టిన్స్‌లీకి తప్ప దానిని ఎవరికీ చూపలేదు. వృద్ధాప్యంలో ఆ జ్ఞానం పదిమందికీ అందాలని తలచి, బడ్ ష్రేక్ అనే రచయితకు దానిని చూపాడు. ఒక ప్రచురణ సంస్థ ముందస్తుగా సొమ్ము ఇవ్వడానికి అంగీకరించింది. ఆ సంగతి విన్న పెనిక్, ఆ సొమ్ము తానే చెల్లించాలేమోనని భ్రమించి, వైద్య ఖర్చుల నడుమ అంత మొత్తం తేలేనని దిగులుపడ్డాడట! 1992లో వెలువడిన ఆ చిన్న పుస్తకం క్రీడా గ్రంథాలలో అత్యధికంగా అమ్ముడుపోయినవాటిలో ఒకటిగా నిలిచింది. అదే సంవత్సరం టాం కైట్ అమెరికా ఓపెన్ విజేత అయ్యాడు.

1995 నాటికి తొంభై ఏళ్ల పెనిక్ మంచం పట్టాడు. ఆ స్థితిలోనూ తనను చూడవచ్చిన క్రెన్‌షాకు, బంతిని గుంతలోకి దొర్లించే తీరును గురించి చివరి పాఠం చెప్పాడు. కొద్దిరోజులకే, ఏప్రిల్ 2న కన్నుమూశాడు. ప్రసిద్ధమైన మాస్టర్స్ పోటీ గురువారం ఆరంభం కావలసి ఉండగా, బుధవారం నాడు క్రెన్‌షా, కైట్ ఆస్టిన్‌కు వచ్చి గురువు శవపేటికను మోశారు. నలభై మూడేళ్ల క్రెన్‌షా ఏప్రిల్ 9న ఆ పోటీని ఒక్క దెబ్బ తేడాతో గెలిచాడు. చివరి గుంతలో బంతి పడగానే ముఖాన్ని చేతులలో దాచుకొని విలపించాడు. రెండవ స్థానంలో నిలిచిన మూడవ డేవిస్ లవ్ తండ్రి కూడా పెనిక్ శిష్యుడే కావడం విశేషం. 2002లో పెనిక్ పేరు ప్రపంచ గోల్ఫ్ కీర్తి మందిరంలో చేరింది.

పెనిక్ స్వయంగా పెద్ద పోటీలలో జగద్విఖ్యాత విజేత కాలేదు. తాను చేరలేని శిఖరాలకు శిష్యులను చేర్చాడు. తన శక్తి ఎంతవరకో తెలుసుకోవడం ఓటమి కాదని, తనకు తగిన కర్తవ్యాన్ని గుర్తించడానికి అది తొలిమెట్టని ఆయన జీవితం తెలియజేస్తున్నది. ఏ వృత్తిని చేపట్టనున్న యువతకైనా ఇది మననం చేసుకోదగిన విషయం.