అతిథిగా వెళ్ళిన అమ్మ

సేవ చేయడానికి దూరదేశాలకు వెళ్ళే యువతీయువకుల గురించి అందరూ వింటారు. వారిని పంపి ఇంటి దగ్గర ఎదురుచూసే తల్లిదండ్రుల గురించి వినేది తక్కువ. బిడ్డ ఎక్కడ పడుకుంటున్నదో, ఏమి తింటున్నదో, జ్వరం వస్తే ఎవరు చూస్తారో తెలియక గడిపే రాత్రులు వారివి. అందుకే కొందరు ఏడాది గడిచాక సెలవు పెట్టి, బిడ్డ ఉంటున్న పల్లెను కళ్ళారా చూడడానికి బయలుదేరుతారు. అమెరికా నుంచి గ్వాటెమాలా కొండలలోని ఒక మాయా పల్లెకు అలా వెళ్ళే తల్లిని ఊహించుకోవచ్చు. ఆమె అక్కడ చూసేదీ, నేర్చుకునేదీ గమనిస్తే సేవ అనే మాటకు సాధారణంగా చెప్పుకునే అర్థం చాలదని తెలుస్తుంది.

ఇక్కడ మాయా అంటే భ్రమ కాదు. అది ఒక ప్రాచీన జాతి పేరు. మెక్సికో దక్షిణ భాగంలోను, దానిని ఆనుకొని ఉన్న గ్వాటెమాలాలోను మాయా ప్రజలు వేల సంవత్సరాలుగా నివసిస్తున్నారు. రాతితో ఎత్తయిన పిరమిడ్లు కట్టినవారు, ఇరవై ఆధారంగా అంకెలు లెక్కించినవారు, సున్నకు ఒక గుర్తును ఏర్పరచుకున్నవారు వారి పూర్వీకులే. గ్వాటెమాలా తెలంగాణ రాష్ట్రం కన్న కొంచెం చిన్న దేశం. 2018 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు కోటీ నలభై తొమ్మిది లక్షల మంది ఉన్నారు. వారిలో దాదాపు 42 శాతం మాయా ప్రజలు. ప్రభుత్వ వ్యవహారాలు నడిచే భాష స్పానిష్. అయినా ఆ దేశంలో కీచే, కాక్చికెల్, మామ్ వంటి 22 మాయా భాషలు వాడుకలో ఉన్నాయి. ఆ భాషలకు గుర్తింపునిచ్చే చట్టం 2003లో వచ్చింది.

ఇటువంటి పల్లెలకు వచ్చే విదేశీ సేవకులలో పీస్ కోర్ సభ్యులు ముఖ్యులు. అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1961 మార్చి 1వ తేదీన ఈ సంస్థను స్థాపించారు. 1963లో దీని కార్యకర్తలు గ్వాటెమాలాలో అడుగుపెట్టారు. సాధారణంగా ఒక్కొక్కరి సేవాకాలం 27 నెలలు. మొదటి మూడు నెలలు భాషలో, పనిలో శిక్షణ పొందుతారు. తరువాతి రెండేళ్ళు తమకు కేటాయించిన ఊరిలో నివసిస్తూ ఆరోగ్యం, విద్య, వ్యవసాయం వంటి రంగాలలో పనిచేస్తారు. చాలామంది కొంతకాలమైనా స్థానిక కుటుంబంతో కలిసి ఉండవలసి వస్తుంది. ఆ ఇంటి యజమానురాలే వారికి రెండవ తల్లి అవుతుంది.

రాజధానిలో విమానం దిగిన అమ్మకు మొదట ఎదురయ్యేది ప్రయాణం. ఒకప్పుడు అమెరికాలో బడిపిల్లలను తీసుకువెళ్ళిన పసుపుపచ్చ బస్సులే ఇక్కడ ఎరుపు, నీలం రంగులు పూసుకొని కొండదారులలో తిరుగుతాయి. ఇద్దరు పిల్లలు కూర్చునే సీటులో ముగ్గురు పెద్దలు సర్దుకుంటారు. బుట్టలు పైకప్పు మీదికి ఎక్కుతాయి. బస్సు దిగిన తరువాత చిన్న ట్రక్కు వెనుక నిలబడి మట్టిరోడ్డు మీద మరికొంత దూరం వెళ్ళాలి. ఛార్జీ ఎంతో, ఎక్కడ దిగాలో, ఏ నీరు తాగవచ్చో అమ్మకు తెలియదు. ఇన్నాళ్ళూ వేలు పట్టుకొని నడిపించిన తల్లిని ఇప్పుడు కూతురు నడిపిస్తుంది. ఆ మార్పును అంగీకరించడం అమ్మకు మొదటి పాఠం.

రెండవ పాఠం భాష. ఇంటి యజమానురాలు కీచే మాట్లాడుతుంది. ఆమె మాటలను బడికి వెళ్ళే కొడుకు స్పానిష్‌లో చెబుతాడు. దానిని కూతురు ఇంగ్లీషులో తల్లికి వివరిస్తుంది. క్షేమసమాచారం అడగడానికి కూడా ఒక మాట రెండు గడపలు దాటాలి. కీచే భాషలో పెద్ద వయసు స్త్రీని గౌరవంగా ‘నాన్’ అనీ, పురుషుని ‘తాత్’ అనీ పిలుస్తారు. తెలుగువారికి ఈ పిలుపులు దగ్గరగా తోచవచ్చు గాని ఆ పోలిక కాకతాళీయం. అమ్మ మొదట నేర్చుకునేది ‘మాల్త్యోష్’ అనే మాట. దానికి కృతజ్ఞతలు అని అర్థం. ఆ ఒక్క మాట పలకగానే ఆ ఇంటివారి ముఖాలు వికసిస్తాయి.

అమ్మ పెట్టెలో బట్టలు, మందులు, మిఠాయిలు, పిల్లలకు బొమ్మలు ఉంటాయి. పేదవారికి ఇవ్వాలన్నది ఆమె కోరిక. కాని ఆమె పెట్టె తెరిచేలోగానే ఇంటి యజమానురాలు పెరటిలోని కోడిని అతిథి కోసం కోస్తుంది. ఆ కోడి పెట్టే గుడ్లు ఆ ఇంటికి ఆదాయం. ఆ విషయం తెలిసిన అమ్మకు ముద్ద మింగుడుపడదు. వద్దని చెప్పబోతుంది. అప్పుడు కూతురు మెల్లగా, తినమని చెబుతుంది. వద్దంటే ఆ ఇంటివారి పరువును తక్కువ చేసినట్లు అవుతుందనీ, తాను కూడా ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇదే తప్పు చేశాననీ వివరిస్తుంది. ఇవ్వడం కన్న తీసుకోవడం ఎంత కష్టమో అమ్మకు అప్పుడు తెలుస్తుంది.

ఆ భోజనంలో ప్రధానమైనది మొక్కజొన్న రొట్టె. మాయా ప్రజల పవిత్ర గ్రంథమైన పోపోల్ వూహ్ ప్రకారం దేవతలు మనిషిని మొక్కజొన్న పిండితోనే తయారుచేశారు. అందువల్ల వారికి అది పంట మాత్రమే కాదు, ప్రాణానికి మూలం. గృహిణి ముందురోజు గింజలను సున్నం కలిపిన నీటిలో ఉడికించి నానబెడుతుంది. ఆ సున్నం తాంబూలంలో మనం వాడే సున్నం వంటిదే. పైపొట్టు ఊడిపోయేలా గింజలను కడిగి, రుబ్బి, రొట్టెలు తట్టి పెనం మీద కాలుస్తుంది. ఇది రుచి కోసం ఏర్పడిన అలవాటు మాత్రమే కాదు. మొక్కజొన్నలో బంధించబడి ఉండే నయాసిన్ అనే విటమిన్ సున్నం వల్ల విడుదలై శరీరానికి అందుతుంది. కాల్షియం కూడా చేరుతుంది. మొక్కజొన్నను స్వీకరించిన ఇతర దేశాలు ఈ పద్ధతిని స్వీకరించలేదు. ఫలితంగా అదే ప్రధానాహారమైన పేదలలో పెల్లాగ్రా అనే వ్యాధి వ్యాపించింది. ఇరవయ్యవ శతాబ్దం తొలి దశాబ్దాలలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలోనే వేలాదిమంది దానికి బలి అయ్యారు. అక్షరం రాని గృహిణి చేతిలో ఉన్న విజ్ఞానం ఆనాడు అతిథి దేశానికి లేకపోయింది.

అయితే ఆ వంటింట్లో కష్టం లేదని కాదు. మూడు రాళ్ళ పొయ్యి నుంచి లేచే పొగ గదినంతా కమ్ముతుంది. తల్లి వీపున కట్టుకున్న పసిబిడ్డ కూడా ఆ పొగనే పీలుస్తుంది. గ్వాటెమాలాలోని సాన్ మార్కోస్ కొండప్రాంతంలో 2002 నుంచి 2004 వరకు ఈ విషయంపై ఒక పరిశోధన జరిగింది. పొగగొట్టం ఉన్న పొయ్యిలు అమర్చిన ఇళ్ళలో పిల్లలకు తీవ్రమైన న్యుమోనియా దాదాపు మూడోవంతు తగ్గినట్లు తేలింది. అందుకే సేవకులు అటువంటి పొయ్యిలు కట్టించడానికి కృషి చేస్తారు. కాని పొయ్యి కట్టినంత మాత్రాన పని పూర్తి కాదు. పాత పొయ్యి చలిలో వెచ్చదనం ఇస్తుంది, చీకటిలో వెలుగు ఇస్తుంది. కుటుంబమంతా దాని చుట్టూ కూర్చుంటుంది. ఆకాశంలో ఓరయన్ రాశిలోని మూడు నక్షత్రాలను మాయా ప్రజలు పొయ్యిరాళ్ళుగా భావిస్తారు. ఇవేమీ తెలుసుకోకుండా కట్టిన పొయ్యి కొన్నాళ్ళకు ఒక మూల పడి ఉంటుంది. ఏడాదిపాటు తన కూతురు ఎక్కువగా చేసింది ఆ ఇళ్ళలో కూర్చుని వినడమేనని అమ్మ గ్రహిస్తుంది. ఆ వినడం వృథా కాదని కూడా గ్రహిస్తుంది.

అమ్మ మనసులో చెప్పుకోలేని భయం ఒకటి ఉంది. ఆ దేశపు హింసను గురించి ఆమె చదివింది. 1960 నుంచి 1996 వరకు 36 ఏళ్ళు అక్కడ అంతర్యుద్ధం జరిగింది. 1996 డిసెంబరు 29న శాంతి ఒప్పందం కుదిరింది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఏర్పడిన సత్యశోధన సంఘం 1999లో తన నివేదికను వెలువరించింది. రెండు లక్షలకు పైగా ప్రజలు చనిపోయారనీ లేదా అదృశ్యమయ్యారనీ, గుర్తించిన బాధితులలో 83 శాతం మాయా ప్రజలేననీ, అత్యధిక నేరాలకు సైన్యమూ దాని అనుబంధ దళాలూ కారణమనీ అది తేల్చింది. ఈ చరిత్రలో అమెరికాకు కూడా భాగం ఉంది. 1954లో ప్రజలు ఎన్నుకున్న అర్బెంజ్ ప్రభుత్వం కూలిపోవడం వెనుక అమెరికా గూఢచారి సంస్థ హస్తం ఉంది. హింసకు పాల్పడిన దళాలకు తమ దేశం అండగా నిలవడం తప్పు అని 1999 మార్చిలో అధ్యక్షుడు క్లింటన్ గ్వాటెమాలా నగరంలోనే ఒప్పుకున్నారు.

ఆ కొండలలో యుద్ధకాలంలో అన్ననో, భర్తనో పోగొట్టుకున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. అటువంటి ఒక స్త్రీ అమెరికా అమ్మాయికి తన ఇంట్లో గది ఇచ్చింది. జ్వరం వచ్చినప్పుడు పక్కన కూర్చుంది. రాత్రి ఆలస్యమైతే వాకిట్లో నిలబడి ఎదురుచూసింది. ఇన్నాళ్ళూ తన బిడ్డను ఆ పల్లెకు దానం చేశానని అనుకున్న అమ్మకు, నిజానికి ఆ పల్లె ఏమి పణంగా పెట్టి తన బిడ్డను నమ్మిందో అప్పుడు అర్థమవుతుంది. ఆమె భయం పూర్తిగా పోదు. కాని దానిని పంచుకునే మరొక తల్లి ఉందన్న ధైర్యం కలుగుతుంది.

వెళ్ళే రోజున ఇంటి యజమానురాలు తాను నేసిన గుడ్డను అమ్మ భుజాన వేస్తుంది. మగ్గానికి ఒక కొనను స్తంభానికి, మరొక కొనను నడుముకు కట్టుకొని, నేలమీద మోకరించి వారాల తరబడి నేసిన గుడ్డ అది. అమ్మ ఈసారి వద్దనదు. రెండు చేతులతో అందుకొని ‘మాల్త్యోష్, నాన్’ అంటుంది. ఆ మాటకు దుభాషి అవసరం లేకపోతుంది.

ఈ కథ భారతీయులకు పరాయిది కాదు. 1961 నుంచి 1976 వరకు నాలుగు వేలకు పైగా పీస్ కోర్ సభ్యులు భారతదేశంలో పనిచేశారు. వారిలో లిలియన్ కార్టర్ ఒకరు. నర్సుగా అనుభవం ఉన్న ఆమె 68 ఏళ్ళ వయసులో, 1966లో వచ్చి బొంబాయి శివారులోని విఖ్రోలిలో రోగులకు సేవ చేశారు. అప్పుడు ఇంటి దగ్గర ఎదురుచూసినవారు ఆమె పిల్లలు. వారిలో ఒకరైన జిమ్మీ కార్టర్ 1977లో అమెరికా అధ్యక్షుడయ్యారు.

రెండేళ్ళలో ఒక మనిషి ఒక పల్లె పేదరికాన్ని తొలగించలేడు. సేవకులు వస్తారు, వెళతారు. పొలాలూ, పొయ్యిలూ, కష్టాలూ అక్కడే ఉంటాయి. అయినా ఇచ్చేవారు, పుచ్చుకునేవారు అనే గీత ఒక వంటింట్లో చెరిగిపోతే, అది చిన్న ఫలితం కాదు. ఎదుటివారి ఇంట అతిథిగా కూర్చోవడం తెలిసినవారికే వారికి తోడుగా నిలబడే అర్హత కలుగుతుంది.