చనుబాల వైరస్: చిట్టెలుకలో తేలిన నిజం, మనిషిలో తేలని ప్రశ్న

రొమ్ము కణితులు తరతరాలుగా కనిపించే చిట్టెలుకల వంశంలో పుట్టిన పిల్లలను తల్లి నుంచి వేరుచేసి, ఆ జబ్బు అరుదైన మరో వంశపు ఎలుక పాలతో పెంచితే, పెద్దయ్యాక వాటిలో కణితులు బాగా తగ్గిపోతాయని అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో పనిచేసిన జాన్ బిట్నర్ 1936లో ప్రకటించారు. పుట్టుకతో సంక్రమిస్తుందనుకున్న జబ్బుకు పాలు కూడా దారేనని దీనితో తెలిసింది. ఆ పాలలో ఉన్నది ఒక వైరస్ అని తరువాతి పరిశోధనలు నిర్ధారించాయి.

ఇది రెట్రోవైరస్, అంటే తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాసి, ఆ ప్రతిని తాను సోకిన కణపు క్రోమోజోములలో శాశ్వతంగా అతికించే వైరస్. పాలతోపాటు పిల్ల పేగులలోకి చేరి, అక్కడి రోగనిరోధక కణాల ద్వారా స్తనగ్రంథిని చేరుకొనే ఈ వైరస్‌లో నేరుగా క్యాన్సర్ పుట్టించే జన్యువేదీ లేదు. కీడంతా అది అతుక్కున్న చోటును బట్టి జరుగుతుంది. వేర్వేరు కణితులలో వైరస్ ఒకే జన్యువు పరిసరాలలో మళ్ళీ మళ్ళీ చేరుతున్నదని రోయెల్ నుస్సె, హెరాల్డ్ వార్మస్ 1982లో చూపారు. పిండం రూపుదిద్దుకొనే దశలో పనిచేసి, స్తనంలో మామూలుగా నిద్రాణంగా ఉండే ఆ జన్యువును వైరస్ మేల్కొలపడంతో కణాలు అదుపు తప్పి విభజన చెందుతాయి. వింట్-1 అని నేడు పిలిచే ఆ జన్యువు జీవశాస్త్రంలో ఒక పెద్ద అధ్యాయానికే తలుపు తెరిచింది.

మనుషులలోనూ ఇలాంటిదేమైనా ఉందా అన్న అన్వేషణలో, రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనిపించే బొంబాయి పార్సీ స్త్రీల పాలలో వైరస్‌ను పోలిన రేణువులు ఉన్నట్లు 1971లో ఒక నివేదిక వెలువడింది. 1995లో న్యూయార్క్‌కు చెందిన బియాట్రిజ్ పోగో బృందం, ఎలుక వైరస్ జన్యువును పోలిన వరుస 38.5 శాతం రొమ్ము కణితులలోనూ, 2 శాతం కంటే తక్కువ మామూలు కణజాలాలలోనూ కనిపించిందని తెలిపింది. అయితే మరికొన్ని ప్రయోగశాలలకు అది దొరకలేదు. ఎలుకల సొంత డీఎన్‌ఏలోనే ఈ వైరస్ ప్రతులు ఉండడం వల్ల, ప్రయోగశాలలో లేశమాత్రం ఎలుక డీఎన్‌ఏ కలిసినా పరీక్ష తప్పుదారి పట్టగలదు.

పశువులలో రక్తక్యాన్సర్ కలిగించే బోవైన్ లుకేమియా వైరస్ విషయమూ ఇలాగే నలుగుతున్నది. బర్క్‌లీకి చెందిన గెర్ట్రూడ్ బ్యూరింగ్ బృందం 2015లో ఈ వైరస్ జన్యుపదార్థం రొమ్ము క్యాన్సర్ ఉన్నవారి కణజాలంలో 59 శాతం, లేనివారిలో 29 శాతం నమూనాలలో ఉన్నట్లు ప్రకటించగా, మరుసటి సంవత్సరం మరో బృందం 51 కణితుల సంపూర్ణ జన్యుక్రమాలను గాలించినప్పుడు దాని ఆనవాలే కనిపించలేదు. ఈ వైరస్‌కు దగ్గరి బంధువైన హెచ్‌టీఎల్‌వీ-1 మనుషులలో రక్తక్యాన్సర్ కలిగిస్తుంది గనుక ఈ అనుమానాన్ని తేలికగా కొట్టివేయరాదు. కానీ వైరస్ ఉండడం వేరు, అదే కారణం కావడం వేరు. కణితి ఒక్క కణం నుంచి పెరుగుతుంది కాబట్టి, ఆ తొలి కణాన్ని దారి తప్పించినది వైరస్సే అయితే, దాని ప్రతి కణితిలోని కణాలన్నింటిలో క్రోమోజోము మీద ఒకే చోట కనిపించాలి. మానవ కణితులలో ఇంకా కావలసిన బలమైన సాక్ష్యం అదే.

ఈ పరిశోధనలు విని తల్లులు బిడ్డకు పాలివ్వడానికి జంకడం అన్నిటికంటే విచారకరం. తల్లిపాలు తాగి పెరిగిన కూతుళ్ళలో రొమ్ము క్యాన్సర్ ఎక్కువ కాలేదు. పైగా 30 దేశాల అధ్యయనాలను కలిపి 2002లో చేసిన విశ్లేషణ ప్రకారం, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు తల్లికి ఆ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుంది. ఇక పశువుల పాలలోని లుకేమియా వైరస్ పాశ్చరీకరణ వేడికే నిర్వీర్యమవుతుంది.